తుపాను భయం పోని పిల్లలకి బొమ్మలా, నాటకమా?

తుపాను కబురు టీవీలో వచ్చిందంటే చాలు, ఒడిశాలోని పర్లాకిమిడి నుంచీ బరంపురం నుంచీ తెలిసినవాళ్ళు నన్ను అడిగేది ఒకటే. గాలి హోరు వినిపిస్తే మా అమ్మాయి వణికిపోతోంది, బొమ్మలు వేయించమంటారా, నాటకాల్లో చేర్పించమంటారా? 2013లో గోపాల్‌పూర్ దగ్గర పైలిన్ తుపాను, 2018 అక్టోబరు 11న పలాస దగ్గర తిత్లీ తుపాను తీరం దాటాయి, రెండూ చూసిన ఇళ్ళు ఇక్కడ చాలానే ఉన్నాయి. తిత్లీ నాటి చిన్నపిల్లలు ఇప్పుడు హైస్కూల్లో ఉన్నారు, కొందరికి భయం మాత్రం అలాగే ఉంది.

నాటకం, పాట, తప్పెటగుళ్ళు, ధింసా లాంటివి తక్కువవేం కాదు. పదిమందితో చేయీ చేయీ కలిపి అడుగు వేస్తుంటే 'నాకొక్కదానికే ఇలా అయింది' అన్న బాధ కాస్త సడలుతుంది. ఊరంతా కలిసి నష్టపోయిన చోట ఈ బలం ఇంకెక్కడా దొరకదు.

అయినా నేను బొమ్మల వైపే మొగ్గుతాను. నా లెక్కలో అన్నిటికన్నా ముఖ్యం, ఆ పిల్ల ఎప్పుడు కావాలంటే అప్పుడు ఆపగలగడం. దెబ్బతిన్న మనిషికి ఆ రోజు తన చేతిలో ఏమీ లేకుండా పోయింది కదా, మళ్ళీ అలాంటి స్థితిలోకి మనమే నెట్టకూడదు. ఒక స్కూలు వార్షికోత్సవంలో తుపాను నాటిక వేయించారు. గాలి చప్పుడు కోసం తెర వెనక రేకు ఊపగానే, తల్లి వేషం వేసిన అమ్మాయి బిగుసుకుపోయింది. ముందు జనం, పక్కన తోటి పిల్లలు ఎదురుచూస్తుంటే దిగిపోవడానికి దారేది? క్రేయాన్ అయితే కింద పెట్టేస్తే సరి. ఇంకో అమ్మాయి కాగితమంతా నల్లగా, క్రేయాన్ విరిగేంత గట్టిగా రుద్ది, ఆ కాగితాన్ని బోర్లా తిప్పేసి, వెనకవైపు తాపీగా కొబ్బరిచెట్టు వేసుకుంది. ఎవరూ చెప్పలేదు, తనకి చాలనిపించినప్పుడు తనే తిప్పేసింది.

ఇంకో సంగతీ ఉంది. చేదు జ్ఞాపకం తిరగబెట్టినప్పుడు మెదడులో మాటకి సంబంధించిన బ్రోకా ప్రాంతం చురుకు తగ్గినట్టు 1996లో అచ్చయిన ఒక చిన్న స్కానింగ్ అధ్యయనంలో కనిపించింది. 'ఏమైందో చెప్పు' అని నిలదీస్తే నోరు పెగలకపోవడంలో వింతేమీ లేదు.

పెద్దవాళ్ళు 'నాకు బొమ్మలు రావు' అంటారు. ఆడవాళ్ళకైతే నేను ముగ్గు పెట్టమంటాను, చుక్కలు పెట్టి కలుపుకుంటూ పోతే చేయి దారిలో పడుతుంది, నచ్చకపోతే తుడిచేయొచ్చు. బంకమట్టి కూడా అంతే, చేసింది నలిపేయొచ్చు. సవర గిరిజనులు ఇంటి గోడల మీద వేసే ఇడిటల్ బొమ్మలని మాత్రం వర్క్‌షాపుల్లో అభ్యాసంగా పెట్టకండి, అది వాళ్ళ పూజలో భాగం, మనం అరువు తెచ్చుకునేది కాదు.

రాయడం? మనసుని గాయపరిచిన సంగతుల గురించి పెన్నెబేకర్ అనే అమెరికన్ సైకాలజిస్టు 1986లో పావుగంట చొప్పున నాలుగు రోజులు రాయించి చూసిన పద్ధతి ఒకటుంది. ఇంట్లో తెలుగు మాట్లాడి బళ్ళో ఒడియా రాసే మన పిల్లలకి అది అంతగా కుదరదు. 'మండల' అనే గుండ్రటి డిజైన్లలో రంగులు నింపే పుస్తకాలు కాలక్షేపానికి సరే.

బొమ్మ వేశాక చాలామంది చేసే పని 'ఇదేంటి?' అని గుచ్చి గుచ్చి అడగడం, నలుపు కనిపిస్తే కంగారుపడటం. నలుపుకి ఇదీ అర్థమని నిఘంటువేమీ లేదు. 'చెప్పాలనిపిస్తే చెప్పు' అని ఊరుకోండి. వాట్సాప్ స్టేటస్‌లో పెట్టొద్దు, పిల్లని అడగకుండా స్కూలు గోడకి అంటించొద్దు. దగ్గర పెద్దవాళ్ళు ఒకరు ఉండాలి, ఏడిస్తే కాగితం పక్కన పెట్టి మంచినీళ్ళిచ్చి కూర్చోబెట్టాలి.

నెల దాటినా పీడకలలు, ఉలికిపాటు, బడికి వెళ్ళననడం తగ్గకపోతే బొమ్మలొక్కటే చాలవు. ఇలా దెబ్బ తగిలాక వదలకుండా పట్టుకునే మానసిక సమస్య పీటీఎస్‌డీకి ముందుగా సూచించేవి ఆ సంఘటన మీదే పనిచేసే కౌన్సెలింగ్, ఆ జ్ఞాపకాన్ని తలచుకుంటూ కళ్ళు అటూ ఇటూ కదిలించే ఈఎండీఆర్ లాంటి చికిత్సలు, కళ వాటికి తోడు మాత్రమే. బరంపురం ఎంకేసీజీ మెడికల్ కాలేజీలో సైకియాట్రీ విభాగం ఉంది, ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడొచ్చు. అక్కడికి వెళ్ళినా బొమ్మలు మానక్కర్లేదు, వేసినవి డాక్టరుకి చూపించాలా వద్దా అన్నది మాత్రం పిల్లనే అడగండి.