బందరులో లాడ్జీ దిగి బందరు చూడటం

పుట్టి పెరిగిన బందరులో, అంటే మచిలీపట్నంలో, లాడ్జీ దిగుతానంటే మా మేనత్త ఫోన్లోనే కేకలేసింది. "ఇన్ని ఇళ్లుండగా లాడ్జీ ఏంట్రా, నలుగురూ ఏమనుకుంటారు?" అంది. అయినా కావాలనే దిగాను. చుట్టాలింట్లో ఉంటే భోజనాలకీ పలకరింపులకీ పొద్దు సరిపోతుంది, నాకేమో తీరిగ్గా వీధులన్నీ తిరగాలని ఉంది. అత్తయ్య ఇంటికి ఒక పూట భోజనానికి వెళ్లాను, కోపం పోయింది.

లాడ్జీ కోనేరు సెంటరుకు దగ్గర్లో చూసుకోండి. బస్టాండు పక్కనవి తెల్లారే బస్సెక్కేవాళ్లకు బాగుంటాయి గానీ, ఊరు నడిచి చూడాలంటే సెంటరే వీలు. గదులు శుభ్రంగానే ఉన్నాయి, పెద్ద సౌకర్యాలు ఆశించకండి. కుళాయిలో వచ్చేది ఉప్పునీరు, సబ్బు నురగ రాదు, తల జిగురుగా ఉంటుంది. మాకు చిన్నప్పటి నుంచీ అలవాటే. కొత్తవాళ్లు మాత్రం తాగడానికి క్యాను నీళ్లు ఉన్నాయో లేదో దిగేముందే అడగండి. దోమల మందు వెంట ఉంచుకోండి.

విజయవాడ నుంచి బస్సుకు రెండు గంటలు, ఉయ్యూరు, పామర్రు మీదుగా. రైలైతే గుడివాడ చుట్టి వస్తుంది, ఆలస్యం. అయినా నేను రైలుకే ఓటేస్తాను. గుడివాడ దాటాక రెండువైపులా వరిచేలు, చేపల చెరువులు, చివరికి చిలకలపూడి, ఆ తర్వాత బందరు. పట్టాలు అక్కడితో సరి. హైదరాబాదు వాళ్లకు బీదర్ నుంచి సికింద్రాబాద్ మీదుగా వచ్చే రాత్రి రైలుంది.

చాలామంది బందరొచ్చి బీచ్ చూసి, లడ్డు కొనుక్కుని సాయంత్రానికి వెళ్లిపోతారు. లడ్డు కొనండి గానీ, దాన్ని చేసేచోటు కూడా చూడండి. అడిగితే చాలామంది లోపలికి రానిస్తారు. శనగపిండిని పూసలా వత్తి వేయించి, దంచి జల్లెడ పడతారు. ఆ పొడిని బెల్లం పాకంలో కలిపి, నెయ్యి పోస్తూ మళ్లీ రోకళ్లతో దంచుతారు. ఎదురెదురుగా నిలబడ్డ ఇద్దరి రోకళ్లు ఒకదాని వెంట ఒకటి పడుతుంటే, పిండి రోలు అంచులకు ఎక్కకుండా మూడో మనిషి చేత్తో తోస్తుంటాడు. ఆ చెయ్యి రోకటి కిందకి వెళ్లి రావడం చూస్తే ఇప్పటికీ నాకు గుండె ఝల్లుమంటుంది. ఈ తొక్కుడు లడ్డుకు 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. దంచింది తినాలి, మిక్సీలో తిప్పింది నోట్లో అంత మెత్తగా కరగదు.

భోగరాజు పట్టాభి సీతారామయ్య 1923లో ఆంధ్రా బ్యాంకు పెట్టింది ఈ ఊళ్లోనే. 2020 ఏప్రిల్‌లో అది యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది. నాన్న పాసుపుస్తకం మీద చూసిన పేరు ఊళ్లో ఏ బోర్డు మీదా కనిపించకపోతే బాధేసింది. పింగళి వెంకయ్య పాఠాలు చెప్పిన ఆంధ్ర జాతీయ కళాశాలనూ, 1843లో మొదలైన నోబుల్ కాలేజీనీ బయట్నుంచి చూసి తృప్తిపడ్డాను.

బందరుకోటకు మాత్రం ఆటో మాట్లాడుకుని వెళ్లండి, తిరుగు ప్రయాణానికీ అదే ఆటోను ఉండమనండి. బడి పిల్లలుగా ఆ పాత ఆయుధాగారం గోడల చుట్టూ దొంగాపోలీసు ఆడేవాళ్లం. 1759లో ఇంగ్లీషువాళ్లు ఫ్రెంచివాళ్ల నుంచి గెలుచుకున్న కోట ఇదని అప్పుడు మాకెవరూ చెప్పలేదు. 1864 నవంబరు ఉప్పెనలో ఈ ఊరూ చుట్టుపక్కలా సుమారు 30 వేల మంది పోయారు. ఇది తెలిసి వెళ్తే ఆ నేల మీద అడుగు వేరేగా పడుతుంది. చెప్పేవాళ్లు ఎవరూ ఉండరు, ముందే చదువుకుని వెళ్లాలి. డచ్చివాళ్ల సమాధులు కూడా వదలొద్దు. రాతి మీద ఉబ్బెత్తుగా చెక్కిన అక్షరాలు ఇన్నేళ్ల వానకీ ఉప్పుగాలికీ ఇంకా నిలిచి ఉన్నాయి.

చిలకలపూడి పాండురంగడి గుడి, రోల్డ్‌గోల్డ్ నగల వీధులు కలిపి ఒక పూట చాలు.

పెడనకు ఇంకో పూట ఇవ్వండి, పది కిలోమీటర్లే. చిన్నప్పుడు అమ్మతో దుప్పట్లు కొనడానికి వెళ్లేవాణ్ణి. ఈసారి కలంకారీ అద్దకం, అంటే చెక్క అచ్చులతో గుడ్డ మీద బొమ్మలు వేసే పని దగ్గరే ఎక్కువసేపు కూర్చున్నాను. గుడ్డను కరక్కాయ నీళ్లలో ముంచి ఆరేస్తారు. నల్ల గీతలకు వాడేది ఇనుప తుక్కూ బెల్లమూ నీళ్లలో నానబెట్టి పులియనిచ్చిన ద్రవం. ఎరుపు కావాల్సిన చోట పటిక అద్దుతారు, తర్వాత రంగుతో ఉడకబెడితే ఆ పటిక ఉన్నచోటే ఎరుపు పట్టుకుంటుంది. అద్దేవాడు టేకు అచ్చును గుడ్డ మీద ఆనించి, పిడికిలితో ఒక్క గుద్దు గుద్ది తీసి, పక్కనే మళ్లీ ఆనిస్తాడు. గీత పెట్టుకోడు, కొలతబద్ద వాడడు. రెండు అచ్చులు కలిసే చోట వెంట్రుకవాసి తేడా ఉంటుంది. కొనేటప్పుడు ఆ తేడా కోసమే వెతకండి, మొత్తం ఒకేలా తీర్చినట్టుంటే అది స్క్రీన్ ప్రింటు. దానికి అచ్చు అద్దకం ధర ఇవ్వొద్దు, అచ్చు గుడ్డ దగ్గర గట్టిగా బేరమూ ఆడొద్దు.

మంగినపూడి బీచ్‌ను చివర చెప్పడానికి కారణముంది. నల్ల బంకమట్టి నేల, లోతు తక్కువగా మెల్లగా దిగే నీళ్లు, సాయంత్రం గాలి హాయిగానే ఉంటాయి. కానీ ఒక్క దాని కోసమే ఇంత దూరం రానక్కర్లేదు. కార్తీక పౌర్ణమి సముద్రస్నానానికి జనం పోటెత్తుతారు, పిల్లలతో ఆ రోజు వద్దు. పోర్టు పనులు 2023లో మొదలయ్యాయి, తీరం మారిపోకముందే బందరోళ్లు ఒకసారి వచ్చి చూసుకుంటే మంచిది.

అక్టోబరు, నవంబరుల్లో తుపాన్ల భయం, వేసవిలో ఉక్క. సంక్రాంతి రద్దీ తగ్గాక ఫిబ్రవరి దాకా రండి. తిరుగు రైలు ఇక్కడే బయల్దేరుతుంది కాబట్టి అరగంట ముందు స్టేషనుకు చేరితే కిటికీ సీటు దొరుకుతుంది.