బారువ తీరమా, మహేంద్రగిరి శిఖరమా?

శ్రీకాకుళం జిల్లా ఉత్తర కొసన ఒక రోజు తీరిక దొరికినవారు సోంపేట దగ్గరి బారువ తీరానికి వెళ్లాలా, సరిహద్దు దాటి ఒడిశాలో 1,501 మీటర్ల ఎత్తున ఉన్న మహేంద్రగిరి ఎక్కాలా అని తర్జనభర్జన పడుతుంటారు. బారువకు పెద్ద సన్నాహం అక్కరలేదు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను దెబ్బతీసిన ఉద్దానం కొబ్బరితోటల మీదుగా వెళ్తే, ఇసుకపైకి లాగిన పడవల నీడన వల కన్నుల్లో చిక్కిన చిన్న చేపలను ఒక్కొక్కటిగా విడదీస్తున్న మత్స్యకారులు కనిపిస్తారు. అయితే మహేంద్రతనయ నది కడలిలో కలిసే చోట లాగుడు ఎక్కువ కనుక పిల్లలను నీళ్లలోకి దింపకపోవడమే మేలు.

మహేంద్రగిరి సంగతి వేరు. మలుపుల దారిలో పైకి వెళ్లేకొద్దీ గాలి చల్లబడి, కుంతి, భీమ, ధర్మరాజుల పేర్లతో పిలిచే పురాతన రాతి గుడులు మంచులోంచి మెల్లగా బయటపడతాయి. శివరాత్రి నాడు మాత్రం జనసందోహంలో ఆ ప్రశాంతత దొరకదు.

మోకాళ్ల నొప్పులున్న పెద్దలు వెంట ఉంటే బారువనే ఎంచుకోవాలి. నా మటుకు నాకు కార్తీకంలో కొండే ఇష్టం. పులిహోర, మంచినీళ్లు, ఒక శాలువా సర్దుకుని తెల్లవారకముందే బయలుదేరితే చీకటి పడేలోగా కొండ దిగవచ్చు.