బుక్‌వార్మ్ నుంచి ట్రిక్సీ దాకా: డెబియన్ టెస్టింగ్ వాడాక నా అభిప్రాయం

డెబియన్ అనే లైనక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌లో తర్వాతి విడుదల కోసం తయారవుతున్న వెర్షన్‌ను టెస్టింగ్ అంటారు. దాన్ని రోజువారీ లాప్‌టాప్‌లో వేసుకోవచ్చా అని ఎవరైనా అడిగితే ముందు నేనొకటి అడుగుతాను: మీ దగ్గర ఇంకో కంప్యూటర్ ఉందా? ఉంటే వేసుకోండి, చాలా నేర్చుకుంటారు. ఉన్న ఒక్క లాప్‌టాప్ మీదే ఉద్యోగమో చదువో నడుస్తుంటే, విడుదలైపోయిన వెర్షన్ అయిన స్టేబుల్‌లోనే ఉండండి. ఎందుకంటున్నానో వివరంగా చెప్తాను.

డెబియన్ 12, అంటే బుక్‌వార్మ్, 2023 జూన్ 10న విడుదలైంది. ఆ తర్వాత కొద్దికాలానికే నేను టెస్టింగ్‌కు మారాను. అదే టెస్టింగ్ 2025 ఆగస్టు 9న డెబియన్ 13 ట్రిక్సీగా విడుదలయ్యేదాకా అందులోనే ఉన్నాను. ఒక విడుదల తయారవడాన్ని మొదటి నుంచి చివరి దాకా లోపలి నుంచి చూశానన్నమాట.

తెలియనివాళ్ల కోసం చిన్న వివరణ. డెబియన్‌లో కొత్త ప్యాకేజీ, అంటే ఒక సాఫ్ట్‌వేర్ మూట, ముందు అన్‌స్టేబుల్‌లోకి వస్తుంది. దాన్నే సిడ్ అంటారు. అక్కడ సాధారణంగా రెండు నుంచి పది రోజులు ఉంటుంది. ఆలోగా విడుదలను ఆపేంత తీవ్రమైన కొత్త బగ్‌లేవీ బయటపడకపోతే, అది ఆధారపడే ప్యాకేజీలన్నీ సిద్ధంగా ఉంటే, టెస్టింగ్‌లోకి వెళ్తుంది. వినడానికి చాలా భద్రంగా అనిపిస్తుంది. చాలావరకు భద్రమే కూడా. కానీ ఈ జల్లెడ దాటి వచ్చే బగ్‌లు ఉంటాయి. అలాంటి బగ్ ఒకటి టెస్టింగ్‌లోకి వచ్చిందంటే, దాని పరిష్కారం కూడా మళ్లీ సిడ్‌లో తన వంతు రోజులు గడిపే రావాలి. సిడ్ వాడేవాళ్లకు సాయంత్రానికల్లా సరైపోయిన సమస్యతో టెస్టింగ్ వాడేవాళ్లు వారం పైన గడపాల్సి రావచ్చు. "సిడ్ కంటే టెస్టింగ్ ఎప్పుడూ సేఫ్" అని చాలామంది చెప్తారు. నా అనుభవంలో అది సగమే నిజం.

వాడుకలో లాభాలు నిజంగానే ఉన్నాయి. బుక్‌వార్మ్‌లో గ్నోమ్ (డెస్క్‌టాప్) 43, కెర్నెల్ (సిస్టమ్ మూలభాగం) 6.1, పైథాన్ 3.11 ఉంటే, ట్రిక్సీ విడుదలయ్యేనాటికి గ్నోమ్ 48, కెర్నెల్ 6.12, పైథాన్ 3.13 అయ్యాయి. ఈ తేడా అంతా ఒక్కరోజులో కాకుండా మెల్లమెల్లగా నా లాప్‌టాప్‌లోకి వచ్చింది. ప్యాకేజీలను దించి వేసే ఆప్ట్ అనే ప్రోగ్రామ్ కొత్త వెర్షన్ 3.0 వచ్చాక ఏ ప్యాకేజీలు వస్తున్నాయో, ఏవి పోతున్నాయో రంగుల్లో, వరుసల్లో కనిపించడం నాకు ఎంత నచ్చిందో చెప్పలేను. తీసేయబోయే ప్యాకేజీలు ఎర్రగా కనిపిస్తాయి. టెస్టింగ్ వాడేవాళ్లకు అంతకంటే ముఖ్యమైన సమాచారం లేదు.

ఇక 2024 వసంతం. ఈ రెండేళ్లలో నాకు బాగా గుర్తుండిపోయిన కాలం అదే.

ఫిబ్రవరి చివర్లో టైమ్ 64 మార్పు మొదలైంది. 1970 నుంచి సెకన్లను లెక్కపెట్టే సంఖ్యను 32 బిట్లలో దాచుకుంటే, 2038 జనవరి 19న ఆ లెక్క పొంగిపోతుంది. అది రాకముందే 32 బిట్ల ఏఆర్ఎమ్ యంత్రాల కోసం వందల లైబ్రరీలను (వేరే ప్రోగ్రాములు వాడుకునే కోడ్) మళ్లీ కట్టారు. వాటి పేర్ల చివర టీ64 అని చేర్చారు. నాది మామూలు 64 బిట్ల లాప్‌టాప్. అయినా ఆ పేర్లు అందరికీ మారాయి. సిడ్‌లో ఆ రోజుల్లో అన్నింటినీ తాజా చేసే ఫుల్-అప్‌గ్రేడ్ ఆదేశం ఇస్తే డెస్క్‌టాప్‌లో సగం తీసేస్తానని ఆప్ట్ అడిగేది. టెస్టింగ్‌లోనేమో కొత్త ప్యాకేజీలు వారాల తరబడి రావడమే తగ్గిపోయింది. లాప్‌టాప్ చెడిపోలేదు, కానీ ముందుకూ పోలేదు. ఆ సమయంలో రావాల్సిన సెక్యూరిటీ సవరణలు కూడా ఆ క్యూలోనే ఇరుక్కుంటాయి. అసలు టెన్షన్ అదే.

సరిగ్గా ఆ మధ్యలోనే, మార్చి 29న, ఎక్స్‌జెడ్ సంగతి బయటపడింది. ఫైళ్లను కుదించడానికి వాడే ఈ లైబ్రరీలోకి జియా టాన్ అనే పేరుతో ఒకరు రెండేళ్లకు పైగా నమ్మకం సంపాదించి, 5.6.0, 5.6.1 వెర్షన్లలో దొంగదారి పెట్టారు. దూరం నుంచి లాగిన్ కావడానికి వాడే ఎస్ఎస్‌హెచ్ సర్వర్ ద్వారా కంప్యూటర్‌లోకి దూరడానికి వీలు కల్పించే కోడ్ అది. డెబియన్ స్టేబుల్‌లో ఆ వెర్షన్లు లేవు. సిడ్‌లోనూ టెస్టింగ్‌లోనూ ఉన్నాయి. నా లాప్‌టాప్‌లోనూ ఉంది. నేను ఎస్ఎస్‌హెచ్ సర్వర్ నడపను కాబట్టి ముప్పు తక్కువే. అయినా ఆ రాత్రే పాత 5.4.5 కోడ్‌కు తీసుకెళ్లే అప్‌డేట్ వేసి, నా లాగిన్ కీలన్నీ, పాస్‌వర్డ్‌లన్నీ మార్చాను.

టెస్టింగ్ వద్దనడానికి ఇది గట్టి కారణమే. కానీ దాన్ని పట్టుకున్నదెవరు? పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్ డెవలపర్ ఆండ్రెస్ ఫ్రాయిండ్. సిడ్ నడుస్తున్న యంత్రంలో ఏదో వేగం కొలుస్తుండగా, ఎస్ఎస్‌హెచ్ లాగిన్‌కు సుమారు అర సెకను ఎక్కువ పట్టడం గమనించి, వదలకుండా తవ్వాడు. డెవలప్‌మెంట్ వెర్షన్‌ను శ్రద్ధగా వాడే మనిషి ఒకరు ఉండబట్టే ఆ కోడ్ స్టేబుల్‌ దాకా, లోకంలోని లక్షల సర్వర్ల దాకా చేరలేదు. ఈ సంఘటన తర్వాత టెస్టింగ్ మీద నా ఆలోచన మారింది. కొత్త వెర్షన్లు ముందుగా దొరకడం దాని ప్రధాన లాభం కాదు. మనం కళ్లు తెరిచి వాడితే, తర్వాత స్టేబుల్ వాడబోయేవాళ్లకు పనికొస్తాం. ఆ ఓపిక, ఆ ఆసక్తి ఉన్నవాళ్లకే ఇది సరిపోతుంది.

కళ్లు తెరిచి వాడటమంటే ఏం చేయాలో కూడా చెప్పాలి కదా. ఆప్ట్-లిస్ట్‌బగ్స్ వేసుకోండి. ప్యాకేజీని ఇన్‌స్టాల్ చేసేముందు దాని మీదున్న తీవ్రమైన బగ్‌లు చూపించి, ఆగమంటారా అని అడుగుతుంది. రోజూ పొద్దున లేవగానే అప్‌డేట్ కొట్టే అలవాటు వద్దు. తీరిక ఉన్న శనివారం చాలు. రేపు ఇంటర్వ్యూ ఉందంటే ఈరోజు దాన్ని ముట్టుకోకండి. డెబియన్ వేసేటప్పుడే డిస్క్‌ను బీటీఆర్‌ఎఫ్‌ఎస్ అనే ఫైల్ సిస్టమ్‌తో ఫార్మాట్ చేసుకుని, ప్రతి అప్‌గ్రేడ్‌కు ముందు టైమ్‌షిఫ్ట్ అనే ప్రోగ్రామ్‌తో స్నాప్‌షాట్ (వెనక్కి వెళ్లడానికి సిస్టమ్ నకలు) తీసుకోండి. పాత కెర్నెల్‌ను వెంటనే తీసేయకండి. ఒకసారి కొత్త కెర్నెల్ వచ్చాక ఒక కంపెనీ వాళ్ల గ్రాఫిక్స్ డ్రైవర్ దానితో కట్టబడలేదు, తెర నల్లగా ఉండిపోయింది. కంప్యూటర్ మొదలయ్యేటప్పుడు వచ్చే గ్రబ్ మెనూలో పాత కెర్నెల్ ఎంచుకుంటే రెండు నిమిషాల్లో పనిలో పడ్డాను. అది లేకపోయుంటే ఆ సాయంత్రం పోయేది. ఒక్క ప్యాకేజీ మాత్రమే మొరాయిస్తే, డెబియన్ స్నాప్‌షాట్ ఆర్కైవ్‌లో దాని పాత వెర్షన్ దొరుకుతుంది. ఇంకో సంగతి, డేటా. లిబ్రెఆఫీస్, టెక్‌లైవ్ లాంటి పెద్ద ప్యాకేజీలు ఒకేసారి వచ్చిన వారం వందల ఎంబీలు దిగుతాయి. ఇంట్లో ఫైబర్ ఉంటే పట్టించుకోనక్కర్లేదు. ఊళ్లో ఫోన్ హాట్‌స్పాట్ మీద ఆధారపడేవాళ్లు మాత్రం ఆలోచించుకోవాలి.

తెలుగు రాసేవాళ్లుగా మనం చూడాల్సింది వేరే ఉంది, దాని గురించి ఎవరూ రాయరు. ఫాంట్‌లు, అక్షరాలను కలిపి చూపే హార్ఫ్‌బజ్, టైపింగ్‌కు వాడే ఐబస్, ఎమ్17ఎన్ వీటిలో ఏది మారినా తెలుగు మీద ప్రభావం పడొచ్చు. నా దగ్గర ఒక చిన్న టెక్స్ట్ ఫైల్ ఉంది. అందులో స్త్రీ, రాష్ట్రం, లక్ష్మి, జ్యోత్స్న, వైశిష్ట్యం లాంటి మాటలున్నాయి. సాఫ్ట్‌వేర్, ఫాంట్‌లు లాంటివి కూడా పెట్టాను. వీటిలో అక్షరాలు కలవకుండా మధ్యలో కనిపించని గుర్తు ఒకటి ఉంటుంది. ఏదైనా అప్‌డేట్‌లో అది దెబ్బతింటే వెంటనే తెలిసిపోతుంది. ఈ ఫైల్‌ను లోహిత్, నోటో, పోతన ఫాంట్‌లలో తెరిచి చూస్తాను. తర్వాత ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డ్‌లో నాలుగు వాక్యాలు టైప్ చేస్తాను, టెర్మినల్‌లోనూ లిబ్రెఆఫీస్‌లోనూ. తేడా కనిపిస్తే రిపోర్ట్‌బగ్ అనే ప్రోగ్రామ్‌తో డెబియన్‌కు పంపుతాను, స్క్రీన్‌షాట్ జతచేసి. మన ఒత్తులు సరిగ్గా ఉన్నాయో లేవో ఇంకో భాషవాళ్లకు చూసినా తెలియదు. విడుదలకు ముందు తెలుగువాడు ఎవరూ చూడకపోతే ఆ తప్పు స్టేబుల్‌లోకి వెళ్తుంది. స్టేబుల్‌లో సెక్యూరిటీ సవరణలు, తీవ్రమైన బగ్‌ల సవరణలు తప్ప మిగతావి దాదాపు రావు. అంటే వచ్చే విడుదల దాకా, సుమారు రెండేళ్లు, అందరం అదే చూస్తూ ఉండాలి.

ఎప్పుడు చేరాలన్నదానికి నా సలహా స్పష్టం. విడుదలైన వెంటనే వద్దు. అప్పటిదాకా ఆపి ఉంచిన కొత్త ప్యాకేజీలన్నీ గేట్లెత్తినట్టు ఒకేసారి వస్తాయి. ఫ్రీజ్, అంటే విడుదలకు ముందు కొత్త మార్పులను ఆపే దశ, మొదలైనప్పుడు చేరండి. ట్రిక్సీకి 2025 మార్చి 15న మొదటి దశ ఫ్రీజ్ వచ్చింది. ఏప్రిల్, మే నెలల్లో అది ఇంకా బిగిసింది. ఆ నెలల్లో నా లాప్‌టాప్ దాదాపు స్టేబుల్ లాగే నడిచింది. అప్పుడు పంపే బగ్ రిపోర్ట్‌లకు విలువ కూడా ఎక్కువ, ఎందుకంటే డెవలపర్లంతా కొత్తవి పక్కనపెట్టి బగ్‌ల మీదే కూర్చుంటారు.

ఒక్క కంప్యూటర్ ఉన్నవాళ్లకు కొత్త కెర్నెల్ కావాలంటే స్టేబుల్ కోసం కొత్త వెర్షన్లను కట్టి ఇచ్చే బ్యాక్‌పోర్ట్స్ ఉంది, కొత్త అప్లికేషన్లకు డెబియన్ వెర్షన్‌తో సంబంధం లేకుండా నడిచే ఫ్లాట్‌ప్యాక్ ఉంది. చాలామంది అవసరాలు అక్కడితో తీరిపోతాయి. ఆఫీస్ లాప్‌టాప్‌లో, బయటి నుంచి లాగిన్ అయ్యే సర్వర్‌లో టెస్టింగ్ అసలే వద్దు. సెక్యూరిటీ టీమ్ మొదట చూసుకునేది స్టేబుల్‌నే.

ప్యాకేజీలు ఎక్కడి నుంచి తేవాలో ఆప్ట్‌కు చెప్పే సోర్సెస్ ఫైల్‌లో టెస్టింగ్ అని రాస్తే, విడుదల రోజు దాటగానే మీరు అడక్కుండానే తర్వాతి వెర్షన్‌లోకి వెళ్లిపోతారు. నేను ట్రిక్సీ అని రాసుకున్నాను, అందుకే ఆగస్టు 9 తర్వాత అదే లాప్‌టాప్ స్టేబుల్‌గా మారి నిలబడింది. ఇప్పుడు ట్రిక్సీ తర్వాతి వెర్షన్ అయిన ఫోర్కీని పాత డెస్క్‌టాప్‌లో వేశాను, సోర్సెస్‌లో ఫోర్కీ అనే పేరే రాశాను.