ఫాంట్‌ను ఫైల్లో పొదగడమా, పీడీఎఫ్‌గా పంపడమా?

ఒక కంప్యూటర్లో చక్కగా కనిపించిన పత్రం మరో కంప్యూటర్లో డబ్బాలుగా మారిందంటే, చాలాసార్లు అందులో వాడిన ఫాంట్ అక్కడ లేదని అర్థం. అక్షరాల బదులు బొమ్మలుండే వింగ్‌డింగ్స్ ఫాంట్‌లో పెట్టిన నవ్వు ముఖం అవతలివారికి ఉత్త ఇంగ్లీషు ‘జె’గా కనిపించడానికీ కారణం ఇదే, ఆ ఫాంట్‌లో ‘జె’కు ఇచ్చిన రూపమే ఆ నవ్వు ముఖం.

అవతలివారు పత్రాన్ని దిద్దవలసి ఉంటే వర్డ్ ఫైల్లోనే ఫాంట్‌ను పొదగడం మేలు. విండోస్‌లో ఫైల్ మెనూలోని ఆప్షన్స్‌కు వెళ్లి, సేవ్ విభాగంలో ఫాంట్లను పొదిగే పెట్టెకు టిక్ పెడితే సరిపోతుంది. అయితే ఫైలు బరువెక్కుతుంది. బరువు తగ్గించడానికి వాడిన అక్షరాలను మాత్రమే పొదిగితే, ఆ ఫాంట్ లేనివారికి కొత్తగా టైప్ చేసేటప్పుడు చిక్కు తప్పదు. పైగా లైసెన్సు ఒప్పుకోని ఫాంట్లను పొదగడం అసలు కుదరదు.

చదవడానికో అచ్చుకో అయితే పీడీఎఫ్‌కే నా ఓటు. పత్రాలను చాలాకాలం భద్రపరచడానికని 2005లో ఐఎస్ఓ (అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ) ప్రమాణంగా వచ్చిన పీడీఎఫ్/ఏ రకంలో, కనిపించే అక్షరాల ఫాంట్లన్నీ ఫైల్లోనే ఉండి తీరాలి. కాకపోతే తెలుగు పీడీఎఫ్ నుంచి కాపీ చేసిన వాక్యంలో ఒత్తులు, గుణింతాలు తరచూ చెల్లాచెదురవుతాయి కనుక, పాఠాన్ని తిరిగి వాడుకునే అవసరం ఉన్నవారికి వర్డ్ ఫైలును కూడా జతచేయాలి.