పదేళ్లుగా ఒకే ఫైలు: ఏ గుర్తు పనికొచ్చింది?

ఈ ఫైలు 2015లో మొదలుపెట్టాను. మా నల్లగొండ జిల్లా మర్రిగూడ, నాంపల్లి, మునుగోడు, చండూరు వైపు ఊళ్లలో ఫ్లోరైడ్ నీళ్ల గురించి విన్నవి, చూసినవి, నీటి పరీక్ష చీటీల్లో ఉన్నవి అన్నీ వర్డ్‌లో రాసుకుంటూ వచ్చాను. ఇప్పుడు నాలుగు వందల పేజీలు దాటింది.

మొదట్లో నాకు హైలైట్ ఒక్కటే తెలుసు. అందులో 15 రంగులుంటాయి. పసుపు అంటే మళ్లీ చూడాలి, ఆకుపచ్చ అంటే సరిచూశాను అని పెట్టుకున్నాను. ఏడాది తిరిగేసరికి సగం ఫైలు పసుపే. ఒక బోరు లెక్క మీద పసుపు ఎందుకు పూశానో ఎంత ఆలోచించినా గుర్తుకు రాలేదు. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే తాగకూడదు అనే చోట పాయింటు తర్వాత ఒక్క అంకె తప్పినా ఊరి సంగతే మారిపోతుంది. ఆ చీటీ చూడటానికి మళ్లీ ఆ ఊరికి వెళ్లొచ్చాను. పైగా బ్లాక్ అండ్ వైట్ ప్రింటు తీస్తే రంగులన్నీ బూడిద మరకలే.

అప్పటి నుంచి కామెంట్ వాడుతున్నాను. కంట్రోల్, ఆల్ట్, ఎం కలిపి నొక్కి, "వేసవి నీళ్లా, వానల తర్వాతవా? చీటీ మీద తేదీ లేదు" అని పక్కనే రాసి పెడతాను. రెండేళ్ల తర్వాత చూసినా అనుమానం ఏమిటో తెలిసిపోతుంది.

అన్నిటికంటే నన్ను ఆదుకున్నవి మాత్రం హెడింగ్ స్టైల్సే, అంటే ఏది పెద్ద శీర్షికో, ఏది దాని కింది శీర్షికో వర్డ్‌కు చెప్పే గుర్తులు. 2016 అక్టోబరు 11న జిల్లాలు విడిపోయినప్పుడు చౌటుప్పల్, సంస్థాన్ నారాయణపురం యాదాద్రి భువనగిరి జిల్లాలోకి వెళ్లాయి. నా శీర్షికలన్నీ చేత్తో బోల్డు చేసి, సైజు పెంచినవి. పేజీలకు పేజీలు కట్ చేసి పేస్ట్ చేస్తుంటే మధ్యలో ఒక ఊరి పట్టిక పోయింది, చాలా బాధపడ్డాను. తర్వాత రెండు ఆదివారాలు కూర్చొని జిల్లాకు హెడింగ్ 1, మండలానికి 2, ఊరికి 3 పెట్టాను. ఇప్పుడు పక్కన శీర్షికల జాబితా చూపే నావిగేషన్ పేన్‌లో మండలం పేరు పట్టుకొని కిందికి లాగితే దాని కింది ఊళ్లన్నీ వెంటే వస్తాయి. విషయసూచిక మీద ఎఫ్9 నొక్కితే పేజీ నంబర్లు సరిపోతాయి. కొత్తగా ఫైలు మొదలుపెట్టేవాళ్లు దయచేసి మొదటి రోజే ఈ పని చేయండి.

ఫైల్లో ఒక చోటికి పేరు పెట్టి నేరుగా అక్కడికి వెళ్లే బుక్‌మార్క్ విలువ నాకు ఆలస్యంగా తెలిసింది. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ కలిపి ఫ్లోరైడ్ తగ్గించే నీరీ (జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ) వాళ్ల పద్ధతికి మన ఊరి పేరే పెట్టారు: నల్లగొండ టెక్నిక్. నా ఫైల్లో నల్లగొండ అని వెతికితే ప్రతి పేజీలోనూ తగులుతుంది. ఆ పేరాకు బుక్‌మార్క్ పెట్టి, కావాల్సిన చోట్ల నుంచి లింకు ఇచ్చాను. పేరులో ఖాళీ ఉండకూడదు, 40 అక్షరాలు దాటకూడదు. ఆ పేరా మొత్తం చెరిపేసి కొత్తగా రాస్తే మాత్రం గుర్తు కూడా దాంతోనే పోతుంది, జాగ్రత్త.

బడిలో ఉన్న కంప్యూటర్‌లో వర్డ్ లాంటిదే, ఉచితంగా దొరికే లిబ్రేఆఫీస్ ఉంది. ఎఫ్5 నొక్కితే హెడింగులు, పట్టికలు, బుక్‌మార్కులు, కామెంట్లు ఒకే జాబితాలో కనిపిస్తాయి. ఈ ఒక్క విషయంలో అదే నాకు ఎక్కువ నచ్చింది.

పాత డీటీపీ ఫాంట్లలో టైపు చేసిన భాగాలు ఇంకా మిగిలి ఉన్నాయి. వాటిలో అక్షరాల కోడ్‌లు వేరు, అందుకే ఇప్పుడు అంతటా వాడే యూనికోడ్‌లో వెతికితే అవి దొరకవు. వారానికి పది పేజీల చొప్పున మారుస్తున్నాను, నాంపల్లి మండలం దాకా వచ్చాను.