యూపీఎస్సా, ఎన్‌పీఎస్సా: కేంద్ర ఉద్యోగికి ఏది మేలు?

ఆఫీసులో కొత్తగా చేరిన ప్రతి పిల్లాడూ మొదటి నెలలోనే అడిగే ప్రశ్న ఇది. 30 రోజుల్లోపు ఆప్షన్ ఇవ్వాలి కదా, ఆ టెన్షన్. 2004 నుంచి చేరినవాళ్లకు ఎన్‌పీఎస్ (జాతీయ పెన్షన్ పథకం) తప్ప వేరే దారి ఉండేది కాదు. 2025 ఏప్రిల్ 1 నుంచి యూపీఎస్ (ఏకీకృత పెన్షన్ పథకం) వచ్చింది. నేను దానికే మారాను.

అందరూ ముందు చూసేది ప్రభుత్వం వేసే వాటా. ఎన్‌పీఎస్‌లో 14 శాతం, యూపీఎస్‌లో 18.5. కానీ ఆ 18.5లో మన ఖాతాలో పడేది 10 మాత్రమే, మిగతాది ఉమ్మడి నిధికి పోతుంది. అందుకే ఆ లెక్క పక్కన పెట్టేశాను. నన్ను ఇటు లాగింది డీఆర్, అంటే ధరలు పెరిగేకొద్దీ పెన్షన్ మీద పెంచి ఇచ్చే కరువు భృతి.

మా అమ్మకు ఫ్యామిలీ పెన్షన్ వస్తుంది. డీఆర్ పెరిగినప్పుడల్లా బ్యాంకుకు వెళ్లి పాస్‌బుక్ ప్రింట్ వేయించుకొస్తుంది, కొత్త అంకె చుట్టూ పెన్సిల్‌తో సున్నా చుడుతుంది. ఎన్‌పీఎస్‌లో కూడిన డబ్బులో 60 శాతం చేతికి తీసుకుని, 40 శాతంతో యాన్యుటీ (బీమా కంపెనీకి ఒకేసారి కడితే నెలనెలా పెన్షన్ ఇచ్చే ఏర్పాటు) కొంటే ఆ సున్నా చుట్టే పని ఉండదు. మామూలు యాన్యుటీలో 60 ఏళ్లప్పుడు ఖాయమైన మొత్తమే 80 ఏళ్లకూ వస్తుంది. కందిపప్పు ధర ఆగుతుందా?

యూపీఎస్‌లో 25 ఏళ్ల సర్వీసుంటే చివరి 12 నెలల సగటు బేసిక్‌లో సగం, దాని మీద డీఆర్. సగటు 80,000 అయితే 40,000. 20 ఏళ్లే చేస్తే 32,000. మన తర్వాత భార్యకో భర్తకో అందులో 60 శాతం.

మెలిక లేకపోలేదు. పూర్తి పెన్షన్ కావాలంటే మన ఖాతాలో కూడిన డబ్బు (కార్పస్) రిటైరయ్యేటప్పుడు ఉమ్మడి నిధికి వెళ్లిపోతుంది. దంపతులిద్దరూ పోయాక పిల్లలకు అందులోంచి ఏమీ మిగలదు. రాజీనామా చేస్తే ఈ పెన్షనే లేదు. 25 ఏళ్లకు వీఆర్ఎస్ (స్వచ్ఛంద పదవీ విరమణ) తీసుకున్నా, పెన్షన్ కోసం మామూలుగా రిటైరవ్వాల్సిన తేదీ దాకా ఆగాల్సిందే. ప్రైవేటుకు దూకే ఆలోచన ఉన్నవాళ్లకు ఎన్‌పీఎస్సే నయం.

పీపీఎఫ్ సంగతీ అడుగుతుంటారు. వేసుకోండి, కానీ అది పొదుపే, పెన్షన్ కాదు.

యూపీఎస్ తీసుకున్నవాళ్లు రిటైర్మెంటుకు ఏడాది ముందు దాకా, ఒక్కసారి, ఎన్‌పీఎస్‌కు వెళ్లొచ్చు. అటునుంచి ఇటు రావడానికి పాత ఉద్యోగులకు ఇచ్చిన గడువు మాత్రం 2025 నవంబర్ 30తో అయిపోయింది. మా సెక్షన్లో ఇద్దరికి ఆ సంగతి డిసెంబర్లో గుర్తొచ్చింది.