థర్మోస్టాటిక్ మిక్సర్: నల్లగొండ నీళ్లలో కొన్నేళ్లు వాడాక

ఇంట్లో పెద్దవాళ్లో చిన్నపిల్లలో ఉండి, మిద్దె మీద సోలార్ హీటర్ కూడా ఉంటే థర్మోస్టాటిక్ మిక్సర్ (వేడినీళ్లు, చన్నీళ్లు కలిపి, మనం పెట్టిన వేడి దగ్గరే నిలిపే షవర్ నల్లా) తప్పకుండా పెట్టించుకోండి. ధర మామూలు మిక్సర్ కన్నా చాలా ఎక్కువే, అయినా పెట్టించుకోండి.

మా అమ్మకు షుగర్ వల్ల పాదాల్లో స్పర్శ తగ్గింది. ఎండ బాగా కాసిన రోజు సోలార్ నీళ్లు 60 డిగ్రీలు దాటుతాయి. అంత వేడి నీళ్లు 5 సెకన్లు పడితే చాలు, ఒళ్లు కాలుతుంది. పాత మిక్సర్ ఉన్నప్పుడు వంటింట్లో ఎవరైనా నల్లా తిప్పితే బాత్రూంలో చన్నీళ్లు తగ్గి, షవర్ ఒక్కసారిగా మసిలిపోయేది.

ఇప్పుడు ఆ టెన్షన్ లేదు. మిక్సర్ లోపల మైనం నింపిన చిన్న గొట్టం ఉంటుంది. కలిసిన నీళ్లు వేడెక్కితే మైనం ఉబ్బి వేడినీళ్ల దారి తగ్గిస్తుంది, చల్లబడితే మళ్లీ తెరుచుకుంటుంది. కరెంటుతో పనిలేదు. చన్నీళ్ల వాల్వు బంద్ చేసి చూశాను, వేడినీళ్లు కూడా ఆగిపోయాయి. 38 డిగ్రీల దగ్గర బటన్ నొక్కితే తప్ప పిడి ఇంకా పైకి తిరగదు. అమ్మ ఆ బటన్ జోలికే పోదు.

అసలు సమస్య మన బోరు నీళ్లు. సున్నం పేరుకుపోతుంది, వేడినీళ్ల వైపు మరీ ఎక్కువ. ముందు పిడి బిగుసుకుంటుంది, తర్వాత 38 మీద పెట్టినా వేడి అటూ ఇటూ అవుతుంది. మాది విప్పితే జాలీ నిండా తెల్లటి పలుకులు రాలాయి. నిమ్మఉప్పు కలిపిన నీళ్లలో కాసేపు నానబెట్టి కడిగితే మళ్లీ దారికొచ్చింది. ట్యాంకులో కృష్ణా నీళ్లు నింపుకునే ఇళ్లలో ఈ బాధ తక్కువ.

ప్రెషర్ సంగతి ముందే చూసుకోండి. ట్యాంకు 10 మీటర్ల ఎత్తున ఉంటే 1 బార్ (ప్రెషర్ కొలత) వస్తుంది. ఒక అంతస్తు ఇంటి మీది ట్యాంకుకు అందులో మూడో వంతు కూడా కష్టమే, చాలా మోడళ్లకు అది చాలదు. మేం పంపు పెట్టించాం. వేడి లైను ఎడమకు, చన్నీళ్ల లైను కుడికి ఉండాలి, ప్లంబర్‌తో ఒకసారి సరిచూడండి.

మే నెలలో మాత్రం దీన్నుంచి ఎక్కువ ఆశించొద్దు. ట్యాంకు నీళ్లే కాగిపోయి ఉంటే ఏ మిక్సరూ వాటిని చల్లబరచలేదు.

కొనేముందు కార్ట్రిడ్జ్ (మైనం గొట్టం ఉండే లోపలి భాగం) విడిగా దొరుకుతుందా అని అడగండి. మాది ఊళ్లో దొరకలేదు, హైదరాబాద్ నుంచి తెప్పించాల్సి వచ్చింది. అది వచ్చేదాకా రోజూ అమ్మకు బకెట్లో నీళ్లు కలిపి ఇవ్వాల్సి వచ్చింది.